మళ్లీ మళ్లీ వచ్చే మూత్రబాధ



సూరత్ నగరం నుంచి మగదల్లా దాటి, విమానాశ్రయం పక్కగా సాగిపోతే 20 కిలోమీటర్ల దూరంలో అరేబియా సముద్రం ఒడ్డున డుమస్ ఉంటుంది. అక్కడి ఇసుక నల్లన. ఆదివారం సాయంత్రం టమాటా భజియా బండ్ల చుట్టూ జనం, దరియా గణేశ్ గుడి దగ్గర జనం, వాళ్ల నడుమ మెడపట్టీలతో పెంపుడు కుక్కలు. లింబాయత్, ఉధనా వైపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికే మన సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ కుటుంబాలు కూడా పిల్లల్నీ కుక్కనీ వెంటబెట్టుకుని అక్కడికి వస్తాయి. నగరపాలిక తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత మంది మనవాళ్లు సూరత్‌లో ఉన్నారు. పశువైద్యురాలినైన నా దగ్గరికి కుక్కలను తెచ్చేవాళ్లలోనూ మనవాళ్లు తక్కువేమీ కాదు.

ఆ నల్ల ఇసుకలో కుక్క కూర్చుని మూత్రం పోస్తే నేల ఇట్టే పీల్చేసుకుంటుంది. రంగు తెలియదు. ఎరుపు కలిసినా తెలియదు. ఇంటికొచ్చాక తెల్లటి టైల్స్ మీద గులాబీ రంగు మరక కనబడినప్పుడు గానీ ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. అప్పటికి బాధ ఎన్నాళ్లుగా ఉందో చెప్పలేని పరిస్థితి. అయితే ఆ తీరంలో రంగు కనబడకపోయినా కుక్క తీరు బాగా కనబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆడకుక్క ఒకచోట కూర్చుని ధారగా పోసి లేస్తుంది. ఆ తర్వాత వాసన చూసుకుంటూ ఒకటి రెండుచోట్ల కాస్త కాస్త పోస్తే అది దాని అలవాటు, గుర్తు పెట్టుకోవడం. పది అడుగులకొకసారి కూర్చుంటూ, ప్రతిసారీ చాలాసేపు ముక్కుతూ, రెండు చుక్కలే రాలుస్తూ, లేచి వెనక్కి తిరిగి నాక్కుంటూ ఉంటే మాత్రం దానికి లోపల మంటగా ఉందని అర్థం. షికారుకు తీసుకెళ్లినప్పుడు ఫోను చూసుకోకుండా కుక్కను చూడమని నేను అందరినీ బతిమాలుతుంటాను. నాకు కావలసిన సగం సమాచారం అక్కడే ఉంటుంది.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆడకుక్కల్లో తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే మూత్రబాధల గురించి. లింబాయత్ నుంచి తన లాబ్రడార్‌ను తెచ్చిన ఒక తల్లి నాతో ఇలా అంది: "డాక్టరమ్మా, మొన్నటి గోలీలు మంచిగనే పనిచేసినయి. బంద్ చేయంగనే మళ్లా షురువైంది. ఈసారి జర గట్టి గోలీలు రాయుండ్రి." ఆమె తప్పేమీ లేదు. గోలీ వేస్తే తగ్గింది, ఆపితే వచ్చింది, కాబట్టి గోలీ బలం చాలలేదనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ కుక్కకు అప్పటిదాకా ఒక్కసారీ మూత్రం పరీక్ష జరగలేదు. లోపల ఏముందో చూడకుండా మందు మారుస్తూ పోవడం, చిల్లుపడిన పైకప్పు కింద ఏటేటా పెద్ద గిన్నె పెడుతూ పోవడమే.

మొదట ఇంట్లోనే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. "మూత్రం సమస్య" అని మనం ఒకే మాటగా చెప్పేదాంట్లో మూడు వేర్వేరు బాధలున్నాయి. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, నొప్పితో పోయడం ఒకటి. ఇది మూత్రాశయంలోనో, మూత్రం బయటికొచ్చే దారిలోనో ఉన్న ఇబ్బంది. నొప్పేమీ లేకుండా ఎక్కువ మొత్తంలో పోస్తూ, బకెట్లకొద్దీ నీళ్లు తాగడం రెండోది. దీనికి మూలం తరచుగా మూత్రాశయంలో ఉండదు. షుగరు వ్యాధి, కిడ్నీల బలహీనత, అడ్రినల్ గ్రంథి అతిగా పనిచేసే కుషింగ్స్ జబ్బు, గర్భసంచిలో చీము, ఇలాంటివి వెతకాలి. మూడోది, కుక్కకు తెలియకుండానే కారిపోవడం. నిద్రలేచేసరికి పక్క తడిసి ఉంటుంది. ఈ మూడింటిలో ఏదన్నది ఇంటివాళ్లు చెప్పగలిగితే డాక్టరు వెతుకులాట చాలా తగ్గుతుంది.

రెండో రకమా కాదా తేల్చడానికి ఇంట్లోనే ఒక కొలత ఉంది. పొద్దున కొలిచి నీళ్లు పోయండి, మర్నాడు అదే వేళకు మిగిలినవి కొలిచి తీసేయండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లకు మించి తాగుతుంటే అది మామూలు దాహం కాదు. అంటే 20 కిలోల కుక్క రోజుకు 2 లీటర్లు దాటి తాగితే డాక్టరుకు చూపించాలి. ఒక జాగ్రత్త. డుమస్‌కు వెళ్లొచ్చిన రోజునా, మర్నాడూ ఈ కొలత తీయకండి. అలల్లో ఆడే కుక్క ఉప్పునీళ్లు మింగుతుంది. ఆ రాత్రంతా దాహంతో నీళ్లు తాగి, రాత్రంతా పోస్తుంది. కొన్నిటికి వాంతులు, విరేచనాలు కూడా అవుతాయి. తీరానికి వెళ్లేటప్పుడు ఇంటి నీళ్లు సీసాలో తీసుకెళ్లి మధ్యమధ్యలో తాగించండి.

ఇక ఎక్కువగా కనిపించే మొదటి రకం. ఆడకుక్కకు మూత్రం బయటికొచ్చే గొట్టం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. మలద్వారం దగ్గరి సూక్ష్మక్రిములు పైకి ఎగబాకడం సులువు. పశువైద్య పుస్తకాల్లో తరచూ కనిపించే లెక్క ప్రకారం కుక్కల్లో దాదాపు 14 శాతం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇన్ఫెక్షన్ పాలవుతాయి. ఆడవాటిలో ఇది మరింత ఎక్కువ. అన్నిటికన్నా ఎక్కువగా దొరికే క్రిమి ఇ.కోలై. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే ఇన్ఫెక్షన్‌కు పెద్ద హడావుడి అక్కర్లేదు. పెంపుడు జంతువుల అంటువ్యాధులపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐస్కెయిడ్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అలాంటిదానికి అమాక్సిసిలిన్ వంటి సాధారణ మందు 3 నుంచి 5 రోజులు చాలు. పూర్వం రెండు వారాలు వాడేవాళ్లం, ఇప్పుడు అవసరం లేదంటున్నారు. అదే మార్గదర్శకాలు మళ్లీ మళ్లీ వచ్చేదానికి ఒక గీత కూడా గీశాయి. 6 నెలల్లో 2 సార్లు గానీ, 12 నెలల్లో 3 సార్లు గానీ వస్తే దాన్ని మామూలు ఇన్ఫెక్షన్‌గా చూడకూడదు. క్రిమి ఎందుకు తిరిగి వస్తున్నదో వెతకాలి. ఆ లింబాయత్ లాబ్రడార్ ఈ గీత ఎప్పుడో దాటేసింది.

వెతుకులాట మూత్రంతోనే మొదలవుతుంది. పట్టడం కష్టమని చాలామంది అక్కడే వదిలేస్తారు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. పొడవాటి కాడ ఉన్న స్టీలు గరిటె గానీ, కర్రకు కట్టిన వెడల్పాటి గిన్నె గానీ తీసుకోండి. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. సబ్బు మిగలకూడదు. పొద్దున్నే మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు కుక్క వెనకగా నిలబడండి. అది కూర్చుని పోయడం మొదలుపెట్టాక, మొదటి నాలుగు చుక్కలు వదిలేసి గరిటె చాపండి. ముందు నుంచి చాపితే భయపడి లేచిపోతుంది. రెండు మూడు చెంచాల మూత్రం చాలు. మూత గట్టిగా ఉన్న శుభ్రమైన డబ్బాలో పోసి అరగంటలోగా ఇవ్వండి. అంతలో కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. సూరత్ ఎండలో స్కూటరు డిక్కీలో గంటసేపు ఉన్న మూత్రంలో క్రిములు పెరిగిపోతాయి, స్ఫటికాలు కొత్తగా పుడతాయి. ఆ రిపోర్టు చూసి వైద్యం చేస్తే దారి తప్పినట్టే.

పక్క వీధిలో మనుషుల ల్యాబ్‌లో ఇచ్చేద్దామా అని అడుగుతారు. అక్కడ ముంచి చూసే రంగుల పట్టీ మనుషుల కోసం చేసింది. అందులో షుగరు, రక్తం గడులు కుక్కలకూ పనికొస్తాయి. తెల్లకణాల గడి, నైట్రైట్ గడి, సాంద్రత గడి కుక్కల విషయంలో నమ్మదగినవి కావు. చీము కణాలను మైక్రోస్కోపు కిందే చూడాలి. సాంద్రతను రిఫ్రాక్టోమీటరు అనే చిన్న పరికరంతో కొలవాలి. ఆ అంకె 1.030 దాటితే కిడ్నీలు నీటిని పట్టి ఉంచగలుగుతున్నాయని ధైర్యం కలుగుతుంది.

ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని చెప్పేది కల్చర్ పరీక్ష. దానికి గరిటె మూత్రం సరిపోదు, బయటి క్రిములు కలుస్తాయి. పొట్ట చర్మం మీదుగా సన్నటి సూదిని నేరుగా మూత్రాశయంలోకి పంపి తీస్తారు. ఈ మాట వినగానే ఇంటివాళ్ల ముఖం మారిపోతుంది. నిజానికి స్కానింగ్ తెర మీద చూస్తూ చేస్తే అది కొద్ది క్షణాల పని, మత్తు కూడా సాధారణంగా అక్కర్లేదు, టీకా సూదికి ఏడ్చినంత కూడా చాలా కుక్కలు ఏడవవు. ముఖ్యంగా ఒక చోట ఈ సూది వాడకూడదు. మూత్రాశయంలో గడ్డ ఉందని అనుమానం ఉంటే సూది దారిలో క్యాన్సర్ కణాలు పాకే ప్రమాదం ఉంది. అందుకే పెద్ద వయసు కుక్కకు ముందు స్కానింగ్, ఆ తర్వాతే సూది.

ఇంకో సంగతి, ఇది డాక్టర్లకు కూడా వర్తిస్తుంది. కుక్కకు బాధేమీ లేదు, కల్చర్‌లో మాత్రం క్రిమి పెరిగింది. అలాంటప్పుడు మందు వేయాలా? చాలా సందర్భాల్లో వద్దు. మంట, రక్తం, మాటిమాటికీ పోయడం లేనప్పుడు ఆ క్రిమిని చంపబోతే, మిగిలేది మందుకు లొంగని క్రిమి. తర్వాత నిజంగా జబ్బు చేసినప్పుడు మన చేతిలో ఆయుధం ఉండదు. ఆ లొంగని క్రిమి ఇంట్లో మనుషులకు కూడా అంటవచ్చు.

లింబాయత్ కుక్క దగ్గరికి వద్దాం. ఎక్స్‌రేలో మూత్రాశయం నిండా గుండ్రటి తెల్లటి నీడలు కనిపించాయి. రాళ్లు. ఆడకుక్కల్లో రాళ్లంటే ఎక్కువగా స్ట్రువైట్ రాళ్లు, అవి చాలావరకు ఇన్ఫెక్షన్ వల్లే పుడతాయి. స్టెఫిలోకాకస్, ప్రోటియస్ వంటి కొన్ని క్రిములు మూత్రంలోని యూరియాను విడగొడతాయి. మూత్రం క్షారగుణానికి తిరుగుతుంది. మెగ్నీషియం, అమోనియం, ఫాస్ఫేట్ కలిసి గడ్డకడతాయి. ఆ రాయి పొరల మధ్య క్రిమి దాక్కుంటుంది. మందు మూత్రంలో తేలే క్రిముల్ని చంపుతుంది, రాతి లోపలి క్రిమిని అందుకోలేదు. మందు ఆపగానే లోపలిది బయటికొస్తుంది. ఎంత గట్టి గోలీ ఇచ్చినా ఇంతే. ఎక్స్‌రే ఫిల్ము చేతిలో పెట్టి ఇది చెప్పినప్పుడు ఆ తల్లి చాలాసేపు దాన్నే చూసి, "గిన్ని రాళ్లు పెట్టుకుని ఇది నాతోని డుమస్‌ల ఉరికిందా" అంది. కుక్కలు బాధను ఓర్చుకునే తీరు చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

స్ట్రువైట్ రాయికి కోత తప్పనిసరి కాదు. అది కరుగుతుంది. రాళ్లు కరిగించడానికి ప్రత్యేకంగా తయారుచేసిన ఆహారం ఒక్కటే పెట్టాలి, దానితోపాటు కల్చర్ చెప్పిన మందు వాడాలి. కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు పడుతుంది. నెలకోసారి ఎక్స్‌రే తీసి చూస్తారు. రాళ్లు కనబడకుండా పోయాక కూడా ఇంకో నెల ఆ ఆహారమే కొనసాగించాలి, ఎందుకంటే ఎక్స్‌రేకు అందని సన్నటి ఇసుక మిగిలి ఉంటుంది. ఈ మధ్యలో ఇంట్లో ఎవరూ దొంగచాటుగా చపాతీ ముక్క వేయకూడదు. పిల్లలకూ, తాతలకూ ఈ మాట గట్టిగా చెప్పాలి. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు మాత్రం ఏ ఆహారానికీ కరగవు. చిన్నవైతే మత్తులో మూత్రాశయాన్ని నింపి, కుక్కను నిలబెట్టినట్టు పట్టుకుని ధారతోపాటు బయటికి నెట్టేస్తారు. పెద్దవైతే ఆపరేషన్. బయటికి తీసిన రాయిని పారేయకుండా పరీక్షకు పంపాలి. రాయి రకం తెలియకుండా తర్వాతి ఆహారం నిర్ణయించలేం.

గుజరాత్‌లో చాలా ఇళ్లలో కుక్క కూడా శాకాహారే. రోట్లీ, పాలు, ఖిచిడీ. మనవాళ్ల ఇళ్లలో పెరుగన్నం. ధాన్యం మీద బతికే కుక్క మూత్రం మాంసం తినేదాని మూత్రం కంటే క్షారం వైపు మొగ్గుతుంది. క్రిమి లేకుండా ఇదొక్కటే రాళ్లు పుట్టించదు గానీ, క్రిమి ఉన్నప్పుడు రాయికి అనువైన నీళ్లు సిద్ధంగా ఉంటాయి. ఇంటి ఆచారం మార్చుకోమని నేను చెప్పను. రాళ్లు ఒకసారి వచ్చిన కుక్కకు మాత్రం డాక్టరుతో కూర్చుని ఆహారం లెక్క కట్టించుకోండి.

తిండి కన్నా సాంచాల కుటుంబాల్లో నేను ఎక్కువగా అడిగేది షిఫ్టు గురించి. సూరత్ మగ్గాల షెడ్లలో 12 గంటల షిఫ్టు మామూలే. ఇంట్లో ఇద్దరూ పనికి పోతే గదిలో కుక్క అంతసేపూ ఆపుకుని ఉంటుంది. ఇల్లు పాడుచేయడం దానికి ఇష్టం ఉండదు, అందుకే ఆపుకుంటుంది. నిలిచిన మూత్రంలో క్రిములు తీరిగ్గా పెరుగుతాయి. మూత్రం పోయడమే మూత్రాశయాన్ని కడిగే మార్గం. మధ్యాహ్నం ఒక్కసారి కిందికి దించే పక్కింటి పిల్లవాడు దొరికినా చాలు. లేదంటే బాల్కనీలో ఒక మూల తడిని పీల్చే చాప వేసి అక్కడ పోయడం నేర్పండి. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉంచకండి, ఇల్లు తడుపుతుందని నీళ్లు తగ్గించడం కన్నా హాని మరొకటి లేదు.

రాళ్లు కనబడకపోతే ఇంకా వెతకాలి. డాక్టరు కుక్క తోక ఎత్తి మూత్రద్వారం చుట్టూ చూడాలి. ఇది చాలాసార్లు జరగదు. లావెక్కిన ఆడకుక్కల్లో, కొన్నిటిలో పుట్టుకతోనే, బయటి పెదవులు చుట్టూ ఉన్న చర్మపు మడతలో కూరుకుపోయి ఉంటాయి. అక్కడ తడి నిలిచి, చర్మం ఒరుసుకుపోయి, క్రిములకు నిలయమవుతుంది. బరువు తగ్గించి, మడతను శుభ్రంగా, పొడిగా ఉంచితే కొన్నిటికి సరిపోతుంది. మిగతావాటికి ఆ మడత చర్మాన్ని కోసి తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది. ఏళ్ల తరబడి మందులు మింగిన కుక్కలు ఆ ఒక్క ఆపరేషన్‌తో బాగుపడటం పశువైద్యంలో నాకు చాలా ఇష్టమైన సంగతుల్లో ఒకటి. షుగరు, కుషింగ్స్ కూడా ఇన్ఫెక్షన్‌ను తిరగబెట్టిస్తాయి కాబట్టి, అవి ఉన్నాయేమో రక్తపరీక్షల్లో చూసి ఆ జబ్బుకు వైద్యం చేయాలి, అప్పుడే ఇన్ఫెక్షన్ ఆగుతుంది.

పెద్ద వయసు కుక్కలో రక్తం పోతూ ఉంటే ఇంకో భయం ఉంది. మూత్రాశయపు మెడ దగ్గర పుట్టే క్యాన్సర్. స్కాటిష్ టెర్రియర్లలో ఎక్కువ, ఆడవాటిలో ఎక్కువ, కానీ ఏ జాతికైనా రావచ్చు. దీనితో చిక్కేమిటంటే, గడ్డ మీద ఇన్ఫెక్షన్ కూడా చేరుతుంది, యాంటీబయోటిక్ ఇస్తే కొన్నాళ్లు నిజంగానే తగ్గుతుంది. తగ్గింది కదా అని ఇంటివాళ్లూ, డాక్టరూ ఊరుకుంటారు. అంతలో గడ్డ పెరుగుతుంది. ఈ క్యాన్సర్ ఉన్న కుక్కల్లో ఎక్కువవాటికి బ్రాఫ్ అనే జన్యువులో ఒకే రకం మార్పు ఉంటుందని తెలిశాక, మూత్రంలోనే దాన్ని పట్టే పరీక్ష వచ్చింది. పూర్తిగా నయం చేయడం అరుదు. పైరాక్సికామ్ వంటి మందులతో నొప్పి తగ్గించి, నెలలపాటు హాయిగా ఉంచవచ్చు. అది కూడా వైద్యమే.

తెలియకుండా కారిపోయే కుక్క గురించి ఇప్పుడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో, ముఖ్యంగా పెద్ద జాతుల్లో, కొన్ని నెలలకో కొన్నేళ్లకో మూత్రద్వారపు బిగువు సడలుతుంది. మెలకువగా ఉన్నప్పుడు మామూలుగానే పోస్తుంది, పడుకున్నప్పుడు కారుతుంది. లేచి తడి చూసి అది సిగ్గుపడి మూలకు పోతుంది. పాడుచేసిందని దాన్ని కొట్టిన ఇళ్లు నాకు తెలుసు. దయచేసి కొట్టకండి, అది చేసిన పని కాదు. మూత్రపరీక్ష శుభ్రంగా వచ్చి, రాళ్లు లేవని తేలితే, బిగువు పెంచే ఫినైల్‌ప్రొపనోలమిన్ గానీ, ఈస్ట్రియోల్ అనే హార్మోను గానీ డాక్టరు ఇస్తారు. చాలా కుక్కలు బాగా కుదుటపడతాయి, అయితే మందు చాలాకాలం వాడాలి. ఇది విని ఆపరేషనే వద్దనుకోకండి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టే ముప్పు ఏటేటా పెరుగుతుంది. ఎదకు వచ్చి పోయాక ఒకటి రెండు నెలల్లో అది విపరీతంగా నీళ్లు తాగి, ఎక్కువగా పోస్తూ, తిండి మాని, మందకొడిగా పడుకుంటే మూత్రం జబ్బు అనుకుని ఆగవద్దు. ఆ రోజే, ఆ పూటే తీసుకెళ్లండి. చీము బయటికి కారకపోయినా ప్రాణాపాయమే.

కొన్ని కూనలు కొన్న రోజు నుంచే బొట్లు బొట్లుగా కారుస్తూ ఉంటాయి, ఎంత నేర్పినా మారవు. కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం మూత్రాశయంలోకి తెరుచుకోకుండా దాన్ని దాటి కిందికి తెరుచుకున్న పుట్టుక లోపం అది. హస్కీలు, లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లలో ఎక్కువ. ఆపరేషన్‌తో సరిచేయవచ్చు.

వీధి ఆడకుక్కల మాట ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. తీరంలో తిరిగేవాటికి అన్నం పెట్టే దయగలవాళ్లు "మూత్రంలో రక్తం పోతోంది" అని ఫొటో పంపుతారు. చాలాసార్లు అది మూత్రం కాదు. ఎదకు వచ్చిన రక్తం కావచ్చు, అది వారం పది రోజుల్లో ఆగుతుంది. ఆగకుండా నెలల తరబడి చుక్కలు పడుతుంటే, దగ్గరగా చూస్తే జననాంగంలో గోబీపువ్వులా ఎర్రటి గడ్డ కనబడుతుంది. జతకట్టేటప్పుడు ఒక కుక్క నుంచి మరోదానికి అంటే క్యాన్సర్ ఇది. వేల ఏళ్ల కిందట బతికిన ఒకే ఒక కుక్క శరీరంలో పుట్టిన కణాలే నేటికీ కుక్క నుంచి కుక్కకు పాకుతున్నాయని జన్యు పరిశోధనలో తేలింది. ఆశ్చర్యమేమిటంటే క్యాన్సర్లలో ఇంత తేలిగ్గా లొంగేది అరుదు. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి, సాధారణంగా 4 నుంచి 6 వారాలు. మధ్యలో ఆపకూడదు. మనుషులకు అంటదు, అన్నం పెట్టేవాళ్లు భయపడనక్కర్లేదు. యాంటీబయోటిక్ గోలీని రొట్టెలో పెట్టి వేస్తే మాత్రం దానికి ఏ మేలూ జరగదు.

వంటింటి మందుల గురించి తప్పక అడుగుతారు. బార్లీ నీళ్లు పోయవచ్చు, లోపలికి నీళ్లు పోతాయి, అంతవరకే మేలు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బున్న కుక్కకు వద్దు. మనుషుల నొప్పి గోలీలు, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఒక్కటి కూడా వద్దు, కిడ్నీలు, పొట్ట దెబ్బతింటాయి. ఎండుద్రాక్ష, ద్రాక్ష కుక్కలకు కిడ్నీ విషం. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇటీవలి అంచనా. అదే ఆమ్లం చింతపండులోనూ ఉంది, చింతపండు తిన్న కుక్కల కిడ్నీలు దెబ్బతిన్న సందర్భాలు పశువైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ప్రసాదం కదా అని పులిహోర పెట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

వానాకాలంలో దక్షిణ గుజరాత్‌లో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాల వరి, చెరకు పొలాల్లో లెప్టోస్పిరోసిస్ ఏళ్లుగా మనుషుల ప్రాణాలు తీస్తున్న జబ్బు. ఎలుకల మూత్రంతో నిలవనీళ్లలో చేరే ఈ క్రిమి కుక్కలకు కూడా సోకి కిడ్నీలను పాడుచేస్తుంది. కోలుకున్నట్టు కనబడే కుక్క కూడా మూత్రంలో దాన్ని వదులుతూ ఉండవచ్చు. వానల్లో కుక్కకు జ్వరం, వాంతులు, పచ్చకళ్లు, మూత్రం మరీ పెరగడమో ఆగిపోవడమో కనిపిస్తే దాని మూత్రాన్ని వట్టి చేతులతో తుడవకండి. చేతితొడుగులు వేసుకోండి, బ్లీచింగ్ నీళ్లతో కడగండి. ఏటా ఇచ్చే టీకాల్లో లెప్టో టీకా ఉందో లేదో కార్డు తీసి చూసుకోండి.

వైద్యం ముగిశాక ఒక పని మిగులుతుంది. మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్‌లో మందు ఆపిన 5 నుంచి 7 రోజులకు ఇంకోసారి కల్చర్ చేయించాలా అని డాక్టరును అడగండి. అప్పుడు అదే క్రిమి దొరికితే అది లోపలెక్కడో దాక్కుని ఉంది. కొన్నాళ్లకు వేరే క్రిమి వస్తే తలుపు తెరిచి ఉంది, బయటి నుంచి వస్తోంది. ఈ రెంటికీ వెతకవలసిన చోట్లు వేరు.

మన కుటుంబాలకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బతుకమ్మకో, దసరాకో, పెళ్లికో ఊరికి పోతారు. కుక్కను వెంట తీసుకెళ్తారు, లేదా అక్కడే అమ్మమ్మ దగ్గర వదిలి వస్తారు. వైద్యం అక్కడ తెగిపోతుంది. ఊళ్లో డాక్టరుకు గోలీ రంగు మాత్రమే చెప్పగలుగుతారు, ఆయన మళ్లీ మొదటి గోలీతో మొదలుపెడతారు. ప్రయాణానికి ముందు కల్చర్ రిపోర్టు, ఎక్స్‌రే, మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, కుక్క బరువు, ఇవన్నీ ఒక సంచిలో పెట్టుకోండి. ఫోనులో ఫొటోలు తీసి ఉంచండి. సూరత్‌లో ఉన్నన్నాళ్లూ పెద్ద పరీక్షలు కావాలంటే దగ్గర్లోనే నవసారిలో పశువైద్య కళాశాల ఉంది. ఊరి వైపు కోరుట్లలో, వరంగల్ మామునూరులో, రాజేంద్రనగర్‌లో, ఆంధ్రలో గన్నవరంలో, తిరుపతిలో ఉన్నాయి. ఆ కాగితాలు ఒక్కటి చూపిస్తే చాలు, అక్కడివాళ్లు మీ కుక్క వైద్యాన్ని ఆగినచోటు నుంచే అందుకుంటారు.